జానెడు ఖాళీ

ఫోటో స్టూడియో కోటుకు వీపుండదు. ఈ సంగతి పెళ్లయిన మగవాళ్లందరికీ తెలుసు, ఒక్కడూ బయటికి చెప్పడు. ముందు నుంచి చూస్తే కలెక్టరు, వెనక నుంచి చూస్తే ఆపరేషన్ బల్ల ఎక్కబోతున్న రోగి. ఎవరొచ్చినా పట్టాలని వీపు మధ్యకి చీల్చి నాడాలు కుట్టించాడు తుల్సీరాం. సత్తుపల్లిలో తనను మించిన ఫోటోగ్రాఫరు లేడని బోర్డు మీద అతనే రాయించుకున్నాడు కాబట్టి నమ్మాలి. ఆ నాడాల మధ్య ఇరుక్కుని, ఊపిరి సగం సగం పీలుస్తూ, స్టూలు మీద కూర్చుని ఉన్నాను నేను. ఈ కోటులో తాలూకాలో సగంమంది పెళ్లికొడుకులు చెమటోడ్చారు, ఆ చెమటంతా ఇప్పుడు నా చంకల్లో ఉంది. సరిగ్గా తుల్సీరాం నల్లగుడ్డలో తల దూర్చిన క్షణంలో కరెంటు పోయింది. దీపాలు ఆరిపోయాయి. తలుపు సందులోంచి వచ్చే కాస్త వెలుగులో మేం ఆరుగురం వరసగా, కొత్త బట్టల్లో, దుకాణం మూసేశాక మిగిలిపోయిన బొమ్మల్లా ఉన్నాం. ఎవరూ కదలొద్దని, కదిలితే సెట్టింగ్ పోతుందని గుడ్డలోంచే ఆజ్ఞ వేశాడు. "కరెంటు గిప్పుడే వస్తది సార్" అని కూడా అన్నాడు. కరెంటాఫీసు వాళ్లు కూడా ఈ మాటే అంటారు. ఆ గిప్పుడు ఎప్పుడో వాళ్లకూ తెలియదు, ఇతనికీ తెలియదు, నా నాడాలకు మాత్రం తెలుస్తోంది.

బయట బోలెడు ఎండ ఉంది. ఆ మాట తుల్సీరామే అన్నాడు, పాపం మంచికే అన్నాడు, వెనక దొడ్లో చింతచెట్టు కింద కుర్చీలేస్తే లైట్లతో పనే లేదని. మా అన్నయ్య వెంకటరామారావు ఎరువుల షాపు ఓనరు, షాపులో ఎవడైనా అప్పడిగితే పెట్టే మొహం పెట్టాడు. "చెట్లు పడతాయి" అన్నాడు. "పడితే ఏందన్నా, చెట్టే గదా" అన్నాడు తుల్సీరాం. "అడివనుకుంటారు" అన్నాడు అన్నయ్య. అంతటితో ఎండ సంగతి తేలిపోయింది. మా వెనక ఉన్న పరదా మీద మేడమెట్లు, చెరువు, చెరువులో రెండు హంసలు, దూరంగా ఏదో దేశం కోట ఉన్నాయి. మాకు వీటిలో ఏదీ లేదు, మా పొలం గట్టు దాటితే టేకుచెట్లూ ఎలుగుబంట్లూ ఉన్నాయి. అయినా ఫోటోలో కోట ముందే కూర్చోవాలి. ఎందుకంటే ఈ ఫోటో మాకు కాదు, పిచ్చయ్య బాబాయి గోడకు.

పిచ్చయ్య బాబాయి మా నాన్నకు తమ్ముడు. గుడివాడ పక్కన సొంత ఊళ్లోనే ఉండిపోయినవాడు. ఉప్పెన తర్వాత కొత్త ఇల్లు కట్టి, హాల్లో వంశం గోడ అని ఒకటి పెట్టాడు. అన్నదమ్ముల్లో ఒక్కో శాఖకు ఒక ఫోటో, అన్నీ ఒకే సైజు ఫ్రేములు, అన్నిటికీ ఒకే రంగు దారం. మా శాఖకు మాత్రం మేకు ఉంది, ఫోటో లేదట. వచ్చిన ప్రతి చుట్టమూ ఆ మేకు వంక చూసి, వీళ్లు అడివికి పోయినవాళ్లు కదూ అంటాడట. మా నాన్న వెంకటప్పయ్య అక్కడ చేతిరుమాలంత పొలం అమ్మి ఇక్కడ దుప్పటంత కొన్నాడు. దుప్పటి కప్పుకుని హాయిగా పడుకోవచ్చు కదా, పడుకోడు. రుమాలు ఉన్నవాళ్లు ఏమనుకుంటున్నారోనని తెల్లవార్లూ దొర్లుతాడు. ఆ బాబాయి మా ఇంటికి ఒకేఒక్కసారి వచ్చాడు. అప్పటికి మా చెల్లెలు పున్నమ్మకు తోటిపిల్లలు గడగడా మాట్లాడే వయసు. పున్నమ్మ మాట్లాడలేదు, బాబాయి వంక చూడలేదు, ఆయన తెచ్చిన బత్తాయిల్ని ఒకదానికొకటి ఆనించి అరుగు పొడుగునా పేర్చుకుంటూ పోయింది. బాబాయి చూసి చూసి, "అన్నయ్యా, ఇదంతా ఈ అడివి నీళ్ల మహిమ" అని తేల్చేశాడు. అదే నీళ్లు ఆయన ఆ పూట చెంబెడు తాగాడు. ఆయనకేమీ కాలేదు. అయ్యేదంతా ముందే అయిపోయినట్టుంది. నాన్న మాత్రం ఆనాటి నుంచీ గ్లాసెత్తినప్పుడల్లా నీళ్లను సాక్షిని చూసినట్టు చూస్తాడు. మా వదిన నిర్మలాదేవి అయితే కాపరానికొచ్చిన కొత్తలో పుట్టింటి నుంచి బస్సులో బిందెతో నీళ్లు తెచ్చుకుంది. వైరా దాటేసరికి బిందెలో సగం పక్కసీటు ఆయన ఒళ్లో పడిందట. మిగిలిన సగంతోనే ఇద్దరు పిల్లల్ని కన్నానని ఇప్పటికీ చెప్పుకుంటుంది.

ఆ ఇద్దరు పిల్లలూ విజయవాడ హాస్టల్లో ఉన్నారు. వాళ్లను రప్పించే పని లేదు, వాళ్ల పాస్‌పోర్టు సైజు ఫోటోల్లోంచి తలలు తీసి వెనక హంసల పక్కన అతికిస్తానని తుల్సీరాం మాటిచ్చాడు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. రానివాళ్లను అతికిస్తారు. వచ్చినదాన్ని కోసేస్తారు. కోసే ఏర్పాటు నిన్ననే జరిగింది, వంటింటి గుమ్మం దగ్గర, వదిన చిక్కుళ్లు ఒలుస్తూ ఉండగా. అమ్మ మొండిపట్టు పట్టింది కదా, పున్నమ్మ కూర్చుంటేనే తను కూర్చుంటానని. అమ్మ లేకుండా గోడకెక్కితే అదింకో కథవుతుంది. కాబట్టి పున్నమ్మను కూర్చోబెట్టాలి. చివర కూర్చోబెట్టాలి. పున్నమ్మకూ నాకూ మధ్య జానెడు ఖాళీ ఉంచాలి. "జానెడుంటే చాలయ్యా నారాయణా, కత్తెర హాయిగా దిగుద్ది. అత్తయ్యగారికి మొత్తం ఫోటో, గోడకి కోసిన ఫోటో. ఇద్దరికీ న్యాయం" అంది వదిన. అన్నయ్య నా పక్కన నిలబడి గోళ్లు చూసుకుంటున్నాడు. నాన్న అరుగు మీద పేపరు చదువుతున్నాడు, పేపరు తలకిందులుగా ఉందని నేను చెప్పలేదు. అమ్మ దొడ్లో ఉంది. అమ్మకు చెప్పకూడదన్నది ఎవరూ ఎవరితోనూ అనలేదు, అందరికీ తెలిసిపోయింది. మా ఇంట్లో ఇంత ఐకమత్యం నేనెన్నడూ చూడలేదు.

ఆ జానెడుకు కాపలా నేను. నన్నే ఎందుకు పెట్టారంటే పున్నమ్మ నా పక్కనైతే గోల చేయదు, నేనైతే ఎవరి పక్కనా గోల చేయను. నా పేరు వెంకటనారాయణ. అన్నయ్య షాపులో కూర్చుంటాను, అన్నయ్య ఇంట్లో తింటాను, అన్నయ్య పాత చెప్పులు నాకు సరిపోతాయి. నాకు సంబంధం మాట ఎవరైనా ఎత్తితే వదిన ఒకసారి పున్నమ్మ వైపు చూసి నిట్టూరుస్తుంది. వచ్చినవాళ్లు కాఫీ తాగేసి లేస్తారు. ఇలాంటివాడికి ఖాళీల కాపలాకన్నా తగిన ఉద్యోగం ఏముంటుంది.

అయితే వీళ్లంతా ఒక్క విషయం మర్చిపోయారు. పాతికేళ్లుగా అదే ఇంట్లో ఉంటూ, అదే పున్నమ్మతో ఒకే కప్పు కింద పడుకుంటూ మర్చిపోయారు. పున్నమ్మకు ఖాళీ గిట్టదు. రెండు వస్తువుల మధ్య సందు కనబడితే ఆ సందు మూసేదాకా ఆమెకు తిండి సయించదు. గ్లాసులు గ్లాసులకు, పీటలు పీటలకు, మంచాలు మంచాలకు ఆనాలి. మా ఇంట్లో ఏ బల్లా గోడకు దూరంగా ఉండదు. రాత్రి నేను మంచం ఎక్కడ వేసుకున్నా తెల్లారేసరికి నాన్న మంచానికి ఆని ఉంటుంది, నాన్న గురక నా చెవికి ఆని ఉంటుంది. ఖమ్మంలో ఒక డాక్టరు ఈమెది మందబుద్ధి అన్నాడు. విజయవాడలో ఇంకో డాక్టరు మాటలు ఆలస్యం, పెళ్లిచేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. ఆయన దగ్గరకు మగపిల్లల్ని తీసుకెళ్లినా ఇదే మందు రాస్తాడట. జూలూరుపాడు అవతల ఒకాయన గాలి సోకిందని వేపమండలు తెచ్చాడు, పున్నమ్మ ఆ మండల్ని లాక్కుని ఆకుకు ఆకు ఆనించి చాపంత పరిచింది, ఆయన దాని మీద కూర్చుని అన్నం తినిపోయాడు. అందరూ ఆమె కళ్లలోకి చూడబోయారు. ఆమె అందరి చొక్కా గుండీల వైపు చూసింది. గుండీకీ గుడ్డకూ మధ్య ఎక్కడ సందుందో అక్కడ.

భద్రాచలం కూడా వెళ్లాం, మొక్కు ఉంటే. మెట్ల కింద జనం విడిచిన చెప్పులు ఎట్లా ఉంటాయో మీరు చూసే ఉంటారు, ఒకటి తూర్పు, ఒకటి పడమర. అమ్మ దర్శనానికి వెళ్లింది, నన్ను పున్నమ్మకు కాపలా పెట్టింది. నేను ఒక్క బీడీ కాల్చుకుని వచ్చేలోగా మా చెల్లెలు అక్కడున్న చెప్పులన్నిటినీ ఒకదానికొకటి ఆనించి పాములా బారు పేర్చేసింది. తోలు చెప్పు పక్కన హవాయి, హవాయి పక్కన బూటు, బూటు పక్కన పసిపిల్లల చెప్పులు. ఎవరి చెప్పూ దాని జతతో లేదు. అంతమందిని దేవుడి దగ్గర కూడా అంత పక్కపక్కన నేనెప్పుడూ చూడలేదు. దర్శనం చేసుకుని పుణ్యంతో దిగి వచ్చిన జనం ఒక్క నిమిషంలో పుణ్యమంతా ఖర్చు పెట్టేశారు. ఇస్త్రీ చొక్కా పెద్దమనిషి ఒకాయన ఆ బారును కాలితో తన్నాడు. పున్నమ్మ చెవులు మూసుకుని కేక పెట్టింది. ఆ కేక గోదావరి అవతలికి వినబడి ఉంటుంది. వదిన కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని, మెల్లగా నాలుగడుగులు వెనక్కి వేసి, మాకు సంబంధం లేని జనంలో కలిసిపోయి, "ఎవరి పిల్లో, అయ్యో పాపం" అంది. జనంలో కలిసి అయ్యో పాపం అనడంలో మా వదినకు దీటు రాగలవాళ్లు లేరు. అన్నయ్య ఆమె పక్కన నిలబడి తలూపాడు. నాన్న కొత్త చెప్పులు ఎవరో తొడుక్కుపోయారు, బస్సెక్కి ఉత్తకాళ్లు చూసుకుంటూ "ఇవేం నీళ్లో" అన్నాడు.

ఠక్. అదిగో. స్టూలు. చీకట్లో నా ఎడమ పక్క చిన్న చప్పుడైంది. పున్నమ్మ రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే కాస్త లేచి, స్టూల్ని నా వైపు జరిపి మళ్లీ కూర్చుంది. ఆమె స్టూలు నా స్టూలుకు ఆనింది. ఇది మొదటిసారి కాదు. మేం వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఇదే జరుగుతోంది. వదిన అవతలి వైపు నుంచి మెడ చాచి చూస్తుంది, "నారాయణా, ఖాళీ" అంటుంది. నేను స్టూలెత్తి అమ్మ వైపు జరుగుతాను. పున్నమ్మ నా వైపు జరుగుతుంది, ఠక్. వదిన మళ్లీ "ఖాళీ" అంటుంది. నేను జరిగేసరికి అమ్మ కుర్చీ నాన్న కుర్చీని తాకుతుంది, ఇరుకైందని నాన్న జరుగుతాడు, నాన్న జరిగాడని వదిన జరుగుతుంది, వదిన జరిగిందని అన్నయ్య జరుగుతాడు. ఒక్క ఆడపిల్లను దూరంగా పెట్టడానికి మా వంశం మొత్తం కోటనూ చెరువునూ వదిలేసి కుడికి వలసపోతోంది. కరెంటు పోయే ముందు చూసేసరికి అన్నయ్య పరదా దాటిపోయాడు. ఆయన వెనక ఇప్పుడు హంస లేదు, చేతులు కడుక్కునే సింకు ఉంది, సింకు పైన పోయినేటి క్యాలెండరు ఉంది. గడియారం కనబడాలని చొక్కా చెయ్యి మడిచి, గడ్డం కింద పిడికిలి పెట్టుకుని, పంపు కింద పెద్దమనిషిలా కూర్చున్నాడు. తుల్సీరాం గుడ్డలోంచి తల బయటపెట్టి, "సార్, మీరు బాత్రూంల పడ్తున్రు, ఇటు జరుగుండ్రి" అన్నాడు. మళ్లీ అందరం ఎడమకి వచ్చాం. పున్నమ్మ మాత్రం కదల్లేదు, మేమే వెళ్లి ఆమెకు ఆనుకున్నాం. వదిన పళ్లు కొరకడం నాకు వినబడింది.

ఈ తుల్సీరాం చేతిలో పున్నమ్మ ఇంతకుముందు ఒకసారి పడింది. ఒంటరి ఫోటో, చేతులు ఒళ్లో పెట్టుకుని. అన్నయ్యే తీయించాడు, ఇంటికొచ్చినవాళ్లకు ఇదిగో మా చెల్లెలు అని మనిషికి బదులు ఫోటో చూపించవచ్చు కదా అని. ఇటు చూడమంటే పున్నమ్మ చూడదు. గిలక్కాయ ఊపాడు, పిల్లిలా అరిచాడు, చివరికి తన విగ్గు తీసి చూపించాడు. ఆమె పరదా అంచు గోడకు ఎక్కడ ఆనుతుందో అక్కడే చూస్తూ ఉంది. సరే, నేను చూసుకుంటానన్నాడు తుల్సీరాం. వారం తర్వాత ఫోటో ఇచ్చాడు. సన్న కుంచెతో టచింగ్ చేసి కనుపాపల్ని చెరిపి, మధ్యలోకి జరిపి గీశాడు. ఫోటోలో పున్నమ్మ తిన్నగా మమ్మల్నే చూస్తోంది. జన్మలో ఒకసారైనా చూడని మనిషి అట్లా గుచ్చి గుచ్చి చూస్తుంటే ఏదో లెక్క అడుగుతున్నట్టుంది. అన్నయ్య ఆనందించాడు, చూడు ఎంత తెలివిగా ఉందోనన్నాడు. తెలివి తుల్సీరాం కుంచెదని చెప్పలేదు నేను. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "ఎవర్రా ఈ పిల్ల, లక్షణంగా ఉంది. పెళ్లయిందా?" అంది. మా అమ్మ బుల్లెమ్మ వేళాకోళం ఆడే మనిషి కాదు. ఫోటో తెచ్చి గూట్లో పెడితే పున్నమ్మ దాన్ని తీసుకుని, అద్దం పక్కకు తీసుకెళ్లి, అద్దానికీ ఫోటోకూ మధ్య వెంట్రుక దూరే సందు కూడా లేకుండా మొహానికి మొహం ఆనించి నిలబెట్టింది. ఇప్పటికీ అట్లాగే ఉంది. ఆ గీసిన కళ్ల పిల్ల రాత్రీ పగలూ అద్దంలో తనను తానే చూసుకుంటూ ఉంటుంది, చీకట్లో. మేం తల దువ్వుకోవాలంటే పక్కింటికి వెళ్తాం.

చీకట్లో పున్నమ్మ సన్నగా ఊగుతూ హమ్మని ఏదో రాగం తీస్తోంది. మాలో హాయిగా ఉన్నది ఆమె ఒక్కతే. స్టూలు స్టూలుకు ఆనింది, లోకం అతుక్కుంది. వదిన లేచింది. పట్టుచీర గరగరమంటూ మా వెనక నుంచి నడిచి నా పక్కకు వచ్చింది, తుల్సీరాంను పిలిచింది. కదలొద్దన్న ఆజ్ఞ వదినకు వర్తించదు, ఏ ఆజ్ఞా వర్తించదు. నా భుజానికీ పున్నమ్మ భుజానికీ మధ్య గాలిలో వేలుతో ఒక గీత గీసింది, దర్జీ గుడ్డ మీద సుద్దతో గీసినట్టు. "ఇదిగో, ఇక్కణ్ణుంచి కోసెయ్యొచ్చుగా?" అని గుసగుసగా అడిగింది. ఎందుకు కోయరాదమ్మా, సందుంటే చాలన్నాడతను. వదిన మళ్లీ గరగరమంటూ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. అయితే వదిన ఇంకోటి కూడా మర్చిపోయింది. పున్నమ్మ మాటలన్నీ ఊరేసిన మాటలు. విన్నది విన్నట్టు జాడీలో పెట్టుకుంటుంది, కాసేపటికో ఏడాదికో మూత తీస్తుంది. మనిషి గొంతుతో సహా తీస్తుంది. ఒకసారి పురోహితుడు భోజనానికి కూర్చుంటే, ఆయనే పోయినేడు పక్క పురోహితుణ్ణి తిట్టిన తిట్టును ఆయన గొంతుతోనే వడ్డించింది. ఆయన పప్పు కలుపుకోవడం ఆపేసి, అటూ ఇటూ చూసి, ఎవరో తిట్టారనుకుని లేచిపోయాడు.

ఇప్పుడా జాడీ మూత అంతసేపు కూడా ఆగలేదు. అందరం మూసిన గది ఉక్కపోతలో ఊసురోమంటూ ఉండగా, వదిన గొంతుతో, అదే కృష్ణా జిల్లా సాగదీతతో, గుసగుస మాత్రం తీసేసి, స్టూడియో అంతా వినబడేట్టు పున్నమ్మ అంది. "ఇదిగో, ఇక్కణ్ణుంచి కోసెయ్యొచ్చుగా?"

అమ్మ తల తిప్పింది. "ఏంటే కోసేది?" అంది, వదిన వైపు.

వదిన గాజులు సర్దుకుంది. అన్నయ్య గడ్డం కింద నుంచి పిడికిలి తీశాడు. "పుచ్చకాయమ్మా" అన్నాడు.

"పుష్యమాసంలో పుచ్చకాయేంట్రా?"

నాన్న దగ్గాడు. మా ఇంట్లో సత్యం బయటపడబోయినప్పుడల్లా నాన్నకు దగ్గొస్తుంది, ఆ దగ్గుకు ఇంతవరకూ ఏ డాక్టరూ మందివ్వలేదు. తుల్సీరాం కెమెరా కాళ్ల మరలు బిగిస్తున్నాడు, బిగిసినవే మళ్లీ బిగిస్తున్నాడు. అమ్మ ఒక్కొక్కరి మొహమూ చూసుకుంటూ వచ్చింది, వదిన, అన్నయ్య, నాన్న. ఆమె అరుస్తుందనుకున్నాను. లేచి పున్నమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికి వెళ్లిపోతుందని ఆశపడ్డాను కూడా, వెళ్లిపోతే నా నాడాలు విప్పుకోవచ్చు, ఏ పనీ నా మీద పడదు. అమ్మ అరవలేదు. ఎన్నో ఏళ్లుగా మీ అమ్మాయికి ఏమైంది అనే ప్రశ్నకు జవాబు చెప్పీ చెప్పీ ఆమె గొంతు అరుపులకు పనికిరాకుండా పోయింది. నా వైపు కొంచెం వంగి, నాకు మాత్రమే వినబడేట్టు, "నారాయణా, నువ్వు దాని పక్కనే ఉన్నావుగా" అంది. అడగలేదు, అంది. అని, కొంగు భుజం మీదుగా నిండా కప్పుకుని, కెమెరా వైపు తిరిగి కూర్చుంది. ఇంక చూడదు. పాలు పొయ్యి మీద పెట్టి ఎవరినో చూస్తుండమని వెళ్లిపోయినవాళ్లు ఎట్లా తిరిగి చూడరో అట్లా.

అంత సుళువుగా పెట్టేసింది నా మీద. నేను ఇంతవరకూ ఏం చూశానని. పాలు నా కళ్లముందే ఎన్నిసార్లు పొంగిపోలేదు.

వదినకు బుర్ర ఉంది, అది ఒప్పుకోవాలి. స్టూళ్లతో ఇక లాభం లేదని తెలుసుకుంది. మూలనున్న పూలస్టాండు చూపించి, అందంగా ఉంటుంది, నారాయణ పక్కన పెట్టమంది. కొయ్య స్టాండు, స్టూలంత ఎత్తు, పైన పింగాణీ కుండీ, కుండీలో ప్లాస్టిక్ గులాబీలు. వాటి మీద దుమ్ము ఎంత దట్టంగా ఉందంటే అందులో నిజం మొక్క వేస్తే బతుకుతుంది. తుల్సీరాం దాన్ని ఎత్తుకొచ్చి పున్నమ్మను మెల్లగా అటు జరిపి మా ఇద్దరి మధ్యన దించాడు. పున్నమ్మ కంగారుగా వంగి కింద చూసింది. స్టాండు కాలు తన స్టూలుకు ఆనింది. ఇంకో కాలు నా స్టూలుకు ఆనింది. వేలు పెట్టి రెండుచోట్లా తడిమింది. ఖాళీ లేదు. తృప్తిగా మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. ఇప్పటిదాకా ఆమె నా వైపు జరిగిందంతా నా మీద ప్రేమ అనుకున్నారా? అనుకుంటే మీరు కథలు మరీ ఎక్కువ చదువుతున్నారన్నమాట. ఆమెకు నేనూ కొయ్యా ఒకటే, ఏదో ఒకటి ఆనాలి. వదిన ఇది కనిపెట్టింది, పాతికేళ్లు కలిసి పెరిగిన నేను కనిపెట్టలేదు. ఇప్పుడు కత్తెర గులాబీల మీదుగా దిగుతుంది. గోడ మీది ఫోటోలో నా పక్కన అర గులాబీకుండీ ఉంటుంది, చూసినవాళ్లు ఎంత కళగా ఉందో అంటారు. మనవాళ్లు కోయడం మొదలుపెడితే అంత మర్యాదగా కోస్తారు, పూలు పెట్టి మరీ.

పున్నమ్మకు ఫోటో అక్కర్లేదు. బాబాయి గోడా అక్కర్లేదు. ఆ గోడ దగ్గరకు తీసుకెళ్తే ఫ్రేములన్నీ ఒకదానికొకటి ఆనించే దాకా ఊరుకోదు, వంశానికి నిజంగా అవసరమైన పని అదొక్కటే. మరి నాకెందుకు ఈ బాధ. నేను ధర్మరాజునేం కాను. అన్నం పెట్టే చేతుల్ని చూస్తూ బతికేవాణ్ణి. ఇందాకటి నుంచీ ఆలోచిస్తే నా భయం వేరే ఉందనిపిస్తోంది. పున్నమ్మను కోసేశాక అంచు ఎవరు? నేను. వచ్చే ఫోటోలో అన్నయ్య పిల్లల పక్కన కోడలొస్తుంది, అల్లుడొస్తాడు, చోటు చాలదు. ఈ పెళ్లికాని బొద్దు మనిషి ఎవరండీ అంటారు. అప్పుడు నా పక్కన కూడా ఒక పూలకుండీ పెడతారు. నేను స్టూలు జరుపుకుంటూ వెళ్లి ఎవరికీ ఆనలేను, నాకు ఆ ధైర్యం లేదు, అది పున్నమ్మకే ఉంది.

వచ్చేసింది. కరెంటు. దీపాలన్నీ ఒక్కసారి భగ్గుమన్నాయి. పున్నమ్మ చెవులు మూసుకుంది, వెలుగుక్కూడా చెవులే మూసుకుంటుంది, తర్వాత మెల్లగా చేతులు దించి, పరదా గోడకు ఆనేచోటు వెతుక్కుంది. అన్నయ్య పిడికిలి గడ్డం కిందికి వెళ్లింది. వదిన మెడ తిప్పి నన్ను చూసింది, గులాబీల్ని చూసింది, నవ్వింది. ఆ నవ్వు కెమెరా కోసం దాచుకున్నదే, కాస్త ముందుగా ఖర్చుపెట్టింది. అమ్మ చూడలేదు. తుల్సీరాం నల్లగుడ్డలో దూరాడు. "కదలకుండ్రి, ఊపిరి బిగబట్టుండ్రి, మూత తీస్తున్న" అంటున్నాడు.

అయ్యా, అమ్మా, ఇది చదువుతున్నవాళ్లెవరైనా సరే, నాకు ఒక్క సలహా కావాలి. త్వరగా కావాలి. స్టాండును కాలితో తంతే కుండీ పగులుతుంది, పున్నమ్మ కేక పెడుతుంది, ఫోటో పోతుంది, నెల తర్వాత ఇంకో కుండీ తెస్తారు. ఏమీ చేయకుండా కూర్చుంటే నా సంగతి మీకు ఇప్పటికే తెలిసింది. మూడోది ఒకటి తోచింది. ఆ దుమ్ము గులాబీల వెనకగా ఎడమచెయ్యి చాచి పున్నమ్మ స్టూలు అంచున పెడితే ఆమె ఏమీ అనదు, మనిషిని తాకనివ్వదు గానీ స్టూలు తాకనిస్తుంది. అప్పుడు కత్తెర ఎక్కణ్ణుంచి దిగినా నా చెయ్యి మణికట్టు దాకా పోవాలి. కోస్తే నేను వంశం గోడ మీద చెయ్యి లేనివాడిగా వేలాడతాను, బాబాయి వచ్చినవాళ్లందరికీ అడివిలో పులి తిందని చెప్పుకుంటాడు. కొయ్యకపోతే ఆమె ఉంటుంది. కానీ చెయ్యి చాస్తే ఈ కోటు నాడాలు తెగుతాయి, పటపటమని తెగుతాయి, అందరూ ఇటే తిరుగుతారు, వదిన తిరుగుతుంది, రాత్రికి అదే ఇంట్లో అదే వదిన చేతి అన్నం తినాలి. చెప్పండి బాబూ. మీకు ఇట్లాంటివి తెలుసు, మీ హాల్లోనూ ఒక గ్రూపు ఫోటో ఉంటుంది, కాదనకండి. పుస్తకం మూసి ఒకసారి లేచి వెళ్లి దాని అంచులు చూసి రండి. ఎవరి పక్కన పూలకుండీ ఉందో, ఎవరి భుజం దగ్గర అంచు కాస్త వంకరగా ఉందో చూసి వచ్చి నాకు చెప్పండి, మీకు పుణ్యముంటుంది. ఒక నాడా ఇప్పుడే తెగింది. నా చెయ్యి సగం దాకా గులాబీల్లో ఉంది. ముందుకు పోనివ్వనా, వెనక్కి తీసుకోనా?